అశ్వగంధతో టెన్షన్ పోయింది, సంతోషం కూడా పోయింది. ఎవరికైనా ఇలా అయిందా?

రాత్రిషిఫ్ట్:
ఐదు వారాల నుంచి నైట్ షిఫ్ట్ అయ్యాక పడుకునే ముందు అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్ వేసుకుంటున్నా, 600 మిల్లీగ్రాములది. మొదట్లో బ్రహ్మాండంగా ఉంది, పడుకోగానే నిద్ర, మేనేజర్ ఫోన్ వస్తే గుండె దడదడలాడటం కూడా తగ్గింది. ఇప్పుడేమో టెన్షన్ లేదు, అలాగని ఇంకేమీ లేదు. మొన్న చెల్లికి ఉద్యోగం వచ్చిందని ఇల్లంతా సందడిగా ఉంటే నేను "ఓహో, మంచిది" అనేసి పప్పన్నం కలుపుకుంటూ కూర్చున్నా. "నీకు ఇష్టం లేదేంట్రా" అని అమ్మ అడిగేసింది. ఇది మందు వల్లేనా, నాకే ఏదో అయిందా? ఇంకోటి, నిద్ర కోసం తనూ మొదలుపెడతానంటోంది అమ్మ, ఆవిడకి థైరాయిడ్ మాత్ర నడుస్తోంది.

మందులషాపు:
ముందు అమ్మగారిని ఆపండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, మాత్ర రాసిన డాక్టర్ని అడక్కుండా వద్దే వద్దు. గర్భిణులకీ పనికిరాదు. కొందరికి లివర్ దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులూ ఉన్నాయి, కాబట్టి "ఆయుర్వేదమే కదా, ఏమవుతుంది" అనుకోకండి.

ఇక మీ సంగతి. టెన్షన్ పడితే మెదడు నుంచి కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులకి కబురెళ్లి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ ఊరుతుంది. అశ్వగంధ దాన్ని తగ్గిస్తుందని కొన్ని ట్రయల్స్ చెప్తున్నాయి. 2012లో మన హైదరాబాద్ డాక్టర్లు అచ్చు వేసిన ట్రయల్‌లో 64 మందిలో సగానికి 300 మి.గ్రా. చొప్పున రెండు పూటలా 60 రోజులు ఇస్తే, ఆ సగంలో కార్టిసాల్ దాదాపు 28 శాతం తగ్గింది. మెదడుకి బ్రేకులా పనిచేసే గాబా అనే రసాయనం మీద కూడా దీని ప్రభావం ఉందంటారు, అయితే అది ఎక్కువగా ఎలుకల్లో, ల్యాబుల్లో చూసినది. మీలాగే "ఏమీ అనిపించట్లేదు" అని నెట్‌లో చాలామంది రాస్తున్నారు. మామూలుగా ఈ ట్రయల్స్‌లో టెన్షన్ తగ్గిందా, నిద్ర పట్టిందా అని అడుగుతారు గానీ, చెల్లికి ఉద్యోగం వస్తే సంతోషమేసిందా అని అడగరు కదండీ.

అనంతపురం_చేను:
మేము దీన్ని పెన్నేరుగడ్డ అంటాం, మా నాయన రెండు మూడేళ్లు వేసినాడు. ఐదారు నెలలకి ఆకు ఎండి కాయ ఎర్రబడినాక పీకుతాం, పచ్చి వేరు చేత్తో నలిపితే గుర్రం వాసన కొడుతుంది, అశ్వగంధ అనే పేరు ఊరికే రాలేదు. మా అవ్వ ఆ పొడి చెంచాడు పాలల్లో కాచి ఇచ్చేది, అది కూడా చలికాలంలోనే. పొడి వేరే, ఎక్స్‌ట్రాక్ట్ వేరే అన్నా. వేరులో ఉండే విథనొలైడ్లనే అసలు పదార్థాల్ని పిండి చిక్కగా చేసేదే ఎక్స్‌ట్రాక్ట్, డబ్బా మీద ఎంత శాతమో రాసి ఉంటుంది చూడు. అవ్వ తాగించిందీ నువ్వు మింగేదీ ఒకటి కాదు.

మాజీ_క్యాప్సూల్:
నాకూ అయింది బ్రదర్, మూడో నెలలో. క్రికెట్ చూస్తూ ఆఖరి ఓవర్లో ఆవులించా, అప్పుడు అనుమానమొచ్చింది. ఆపేశాక రెండు వారాలకి మామూలైపోయా, నాకు మాత్రం అంతే. నువ్వు ఆపినా ఇలాగే ఉంటే మాత్రం క్యాప్సూల్ మీద తోసేయకుండా సైకియాట్రిస్టుని కలువు, డిప్రెషన్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. నైట్ షిఫ్ట్ వాళ్లకి మరీనూ.

రాత్రిషిఫ్ట్:
ఆపి తొమ్మిది రోజులైంది. నిద్ర మళ్లీ పాడైంది, పొద్దున ఏడింటికి కర్టెన్లు వేసుకుని దొర్లుతున్నా. కానీ నిన్న మేనేజర్ మీద ఒళ్లు మండింది, చాలా రోజుల తర్వాత. చెల్లిని బిర్యానీకి తీసుకెళ్లా. వచ్చే శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, అమ్మ రిపోర్టులు కూడా పట్టుకెళ్తా. డబ్బా మాత్రం అమ్మకి దొరక్కుండా నా బ్యాగులోనే పెట్టుకున్నా.