అప్‌డేట్: ఒంటారియోలో ట్యూషన్ కాక వేసిన ఫీజులు, చివరికి ఏం తేలిందంటే

కెనడాలోని ఒంటారియోలో మాస్టర్స్ చేస్తున్నాను, ట్యూషన్ మీద వేసిన క్యాంపస్ సేఫ్టీ, అకడమిక్ సపోర్ట్ ఫీజులు తీయించుకోవచ్చా అని ఆమధ్య అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఆ రెండూ పోవు. "2019లో ఆప్ట్-అవుట్ (వద్దనుకున్న ఫీజులు కట్టకుండా వదిలేసే వీలు) వచ్చింది కదా" అని కొందరన్నారు. నిజమే, కానీ దాన్ని తెచ్చిన ప్రభుత్వ ఆదేశంలోనే ఈ రెండూ తప్పనిసరి జాబితాలో ఉన్నాయట. పైగా అదే ఏడాది నవంబర్‌లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, 2021లో అప్పీల్ కోర్టూ అదే ఖాయం చేసింది. దాని మీద రెండు రోజులు అనవసరంగా తల బద్దలు కొట్టుకున్నాను.

పనిచేసింది స్టూడెంట్ యూనియన్‌ని అడగమన్న సలహా. మా ఆయన ఆఫీస్ ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తే ఫీజులతో పాటే వేసిన యూనియన్ హెల్త్, డెంటల్ ప్లాన్ డబ్బు వెనక్కిచ్చారు. గడువు సెప్టెంబర్‌లోనే, నాకు నాలుగు రోజులే మిగిలింది! యూహిప్ (విదేశీ విద్యార్థులకు యూనివర్సిటీ ద్వారా ఉండే హెల్త్ ఇన్సూరెన్స్) మాత్రం వేరు, అది కట్టాల్సిందే.

రాత్రి లైబ్రరీ నుంచి బస్టాప్ దాకా తోడొచ్చేవాళ్ల ఖర్చు, రైటింగ్ సెంటర్ ఖర్చు ఆ ఫీజుల్లోంచేనట. ఎలాగూ కట్టాను కాబట్టి థీసిస్ చాప్టర్ పట్టుకుని వెళ్లాను. బాగానే దిద్దించారు.