సమస్య: ‘తెరకు రాని బొమ్మ తేజరిల్లె’

చంపావతి (విజయనగరం), నిర్వహణ:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

తెరకు రాని బొమ్మ తేజరిల్లె

ఇది చివరి పాదంగా వచ్చేలా మిగిలిన మూడు పాదాలూ సినిమా గురించే పూరించండి. పద్యంతో పాటు ఈమధ్య చూసిన బొమ్మల మీద మీ అభిప్రాయం, రాబోయే 72వ జాతీయ సినిమా పురస్కారాల్లో మనవాళ్ళకు ఏమొస్తుందో మీ అంచనా కూడా రాయండి. ఇవి 2024 సంవత్సరం చిత్రాలకు ఇచ్చేవి అని గుర్తుంచుకోండి.

ఈ పాదం ఎందుకిచ్చానో చెబుతాను. 2025 ఆగస్టు 1న 71వ పురస్కారాలు ప్రకటించినప్పుడు తెలుగువాళ్ళ జాబితా తీసి చూశాను. ‘భగవంత్ కేసరి’ ఉత్తమ తెలుగు చిత్రం. అది పక్కన పెడితే ‘బేబి’కి స్క్రీన్‌ప్లే, అదే సినిమాలో పాటకు గాయకుడు రోహిత్, ‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’ పాట రాసిన కాసర్ల శ్యామ్, ‘హనుమాన్’కు గ్రాఫిక్స్ విభాగంలోనూ ఫైట్లకూ. నటనకు వచ్చింది ఒక్క చిన్నపిల్లకే, ‘గాంధీ తాత చెట్టు’లో సుకృతికి. మిగిలినవాళ్ళెవరూ తెర మీద కనిపించి గెలిచినవాళ్ళు కారు. కానీ ఆ వారమంతా టీకొట్టు దగ్గర, టీవీలో, ఫోన్లలో నడిచిన గొడవ ఒక్కటే: ఉత్తమ నటుడు ఎవరు, మన హీరోకి ఎందుకు రాలేదు అని. పాట రాసినాయన గురించి మాట్లాడినవాళ్ళు నాకు దాదాపు కనపడలేదు. అది నాకు బాధనిపించింది. అందుకే ఈ పాదం.

ఏడురోడ్ల కూడలి (శ్రీకాకుళం):
టీచరుగారూ, నా పూరణ.

చెట్టు కొరకు నిలిచి చిన్నారి పోరాడ
కమల మొకటి వచ్చి కరము జేరె
లెక్క గట్టినట్టి లేఖలో నాయేడు
తెరకు రాని బొమ్మ తేజరిల్లె

‘గాంధీ తాత చెట్టు’ హాళ్ళలోకి వచ్చింది 2025 జనవరి 24న. అవార్డు మాత్రం 2023 లెక్కలో వచ్చింది. ఇదేంటని మా ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. ఈ పురస్కారాలకు విడుదల తేదీతో పని లేదు, సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాదిదైతే ఆ ఏడాది లెక్క. కాబట్టి 2023లో తెరకు రాని బొమ్మే 2023కి గెలిచింది. సమస్య చూడగానే నాకు తట్టింది ఇదే.

నా అంచనా: ఉత్తమ తెలుగు చిత్రం ‘లక్కీ భాస్కర్’. బ్యాంకు గుమాస్తా కథను, ఆ లెక్కల తిరకాసును, లెక్కలు రానివాడికి కూడా టెన్షన్ పుట్టేలా చెప్పారు. ఎక్కడా బోరు కొట్టలేదు.

చంపావతి:
ఆలోచన చాలా బాగుంది బాబూ. సమస్యకు ఇంత సూటిగా అతికే సంగతి దొరకడం అదృష్టమే. గణాలు (గురులఘువుల కొలతలు), యతులు (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) సరిగ్గా ఉన్నాయి. ఆ పిల్లకు పురస్కారంగా ఇచ్చిన రజత కమలాన్ని ‘కమల మొకటి’ అని చెయ్యి చేరేలా చేశారు, అదీ నచ్చింది. ఇబ్బంది మూడో పాదంలో. ‘లేఖ’ అంటే చదివేవాడికి ఉత్తరమే గుర్తొస్తుంది, సెన్సార్ పత్రం గుర్తురాదు. ఇలా మార్చి చూడండి:

పత్ర మొకటి జూడ వచ్చిన దాయేడె

ప–వ యతి సరిపోతుంది, అర్థం కూడా దారిన పడుతుంది.

‘లక్కీ భాస్కర్’ నాకూ నచ్చింది. కానీ చివరికి ఆ గుమాస్తా గెలవడమే మనకు ఆనందం అయిపోతుంది, అతను చేసింది తప్పా ఒప్పా అన్నది పక్కకు పోతుంది. పురస్కారం ఇచ్చేటప్పుడు అది చూడాలని నేననుకుంటాను.

వంశధార (హిరమండలం):

పంపకాల దొరలు పక్కకు నెట్టినా
ఊరు వాడలందు నూసు లయ్యె
హాలు దొరకకున్న నరచేతిలో వెండి
తెరకు రాని బొమ్మ తేజరిల్లె

‘వెండి’ని మూడో పాదం చివర పెట్టి ‘వెండితెర’ చేశాను. పెద్ద పండగలకు మా వైపు హాళ్ళన్నీ పెద్ద బొమ్మలకే వెళ్ళిపోతాయి. చిన్న సినిమా పోస్టరు అంటించిన రెండో రోజుకే దాని మీద ఇంకో పోస్టరు పడుతుంది. పాలకొండ వెళ్ళినా, ఆమదాలవలస వెళ్ళినా అదే పరిస్థితి. అలాంటివన్నీ నేను ఫోన్లోనే చూశాను. ‘35 చిన్న కథ కాదు’ కూడా ఓటీటీలోకి వచ్చాకే చూశాను. చూసి మా ఆవిడా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

చంపావతి:
పాదాన్ని విరిచి ‘వెండితెర’ కలపడం మంచి నేర్పు. ‘హాలు’కు ‘అరచేతి’తో హ–అ యతి చక్కగా కుదిరింది. ‘పంపకాల దొరలు’ అంటే డిస్ట్రిబ్యూటర్లని వెంటనే అర్థమైంది. ఒక్క మాట, మొదటి పాదం ‘నెట్టినా’ అని ముగిసి రెండోది ‘ఊరు’ అని మొదలవుతోంది. అచ్చు మీద అచ్చు పడింది. ‘నెట్టినన్’ అని ద్రుతం (చివర నకారం) పెట్టుకుంటే ‘నూరు వాడలందు’ అవుతుంది, యతి చెడదు. కానీ వినేవాడికి ‘నూరు’ అంటే వంద అనిపిస్తుంది. ‘పల్లె పల్లె లందు బాస లయ్యె’ అనుకుంటే ఆ చిక్కే ఉండదు.

మూడు లాంతర్లు (విజయనగరం):
వంశధార గారి మాటకు ఒక చిన్న చేర్పు. ‘35’ హాళ్ళలోకి రాకుండా లేదు, 2024 సెప్టెంబరు 6న వచ్చింది. నేను ఇక్కడ హాల్లోనే చూశాను. సున్నా మార్కులొచ్చే కొడుకు కోసం, పదో తరగతి తప్పిన తల్లి మళ్ళీ లెక్కల పుస్తకం పట్టుకుంటుంది. సున్నాకు విలువ లేకపోతే ఒకటి పక్కన పెట్టగానే పది ఎందుకయింది అని ఆ పిల్లాడు అడుగుతుంటే నా వెనక వరుసలో ఒకావిడ ‘నిజమే కదా’ అని పైకే అనేసింది. నివేదా థామస్ ఆ తల్లిగా ఎక్కడా గొంతు పెంచదు. వంటింట్లో పీట మీద కూర్చుని లెక్క అర్థం కాక కొంగు నలుపుకునే మనిషిలాగే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పురస్కారాల్లో ఆమెకు ఉత్తమ నటి ఇచ్చింది. గోవా చిత్రోత్సవంలో ఇండియన్ పనోరమాకు కూడా ఈ బొమ్మ వెళ్ళింది. ఉత్తమ తెలుగు చిత్రం దీనికే రావాలి, వస్తుంది.

ఇక నా పూరణ:

విజయనగర మందు వీణయై పుట్టిన
గొంతు తేనె లొలికె కోట్ల చెవుల
నటికి పాట నిచ్చి నలుదిక్కులను దాను
తెరకు రాని బొమ్మ తేజరిల్లె

పి. సుశీలమ్మ గారి గురించి. 1935లో మన ఊళ్ళో పుట్టారు. జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గాయని అన్న విభాగం పెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆవిడే. మొత్తం ఐదుసార్లు అందుకున్నారు.

అరసవల్లి పొద్దు:
పద్యం చదువుతుంటే ఒళ్ళు పులకరించింది మాస్టారూ. కానీ ఒక సందేహం. అంత పెద్దావిడను ‘బొమ్మ’ అనడం మర్యాదేనా?

మూడు లాంతర్లు:
అమ్మా, గురజాడ వారు పూర్ణమ్మను ‘పుత్తడి బొమ్మ’ అన్నారు. మన వైపు ఆ పిలుపులో ప్రేమే కానీ చులకన లేదు.

చంపావతి:
నాదీ అదే మాట. ఈ పద్యంలో నాకు బాగా పట్టింది ‘నటికి పాట నిచ్చి’ అన్నది. తెర మీద పెదవి కదిపేది ఒకరు, ఊపిరి పోసేది ఇంకొకరు. ఆ సంగతి ఒక్క చిన్న మాటలో వచ్చేసింది. వి–వీ, గొం–కో, న–న, యతులన్నీ కుదిరాయి. ‘వీణయై పుట్టిన గొంతు’ అని మొదటి పాదం రెండోదానిలోకి జారడం కూడా హాయిగా ఉంది. మన మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైంది. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. కోట దాటి అటు నడిచినప్పుడల్లా, ఇంతమంది గొంతులు ఈ నేల మీద సాధన చేశాయా అనిపిస్తుంది నాకు.

అరసవల్లి పొద్దు:
నేనూ ఒకటి ప్రయత్నించాను. సినిమా కాదు, క్షమించండి.

అరసవల్లి లోన నాదిత్యు పాదాల
కిరణ మొకటి తాకి మురిసిపోయె
మరల తెర దిగంగ మనసులో నిండుగా
తెరకు రాని బొమ్మ తేజరిల్లె

చంపావతి:
రెండో పాదంలో ‘కిరణ–మురిసి’ ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం), ఆటవెలదిలో చెల్లుతుంది. నడక బాగుంది. ఏడాదికి రెండుసార్లు మూలమూర్తి పాదాల మీద ఎండ పడే ఆ దృశ్యం చూసినవాళ్ళకు ఇంకా బాగుంటుంది. కానీ గుడి తెర వెనక ఉన్న మూర్తిని ‘తెరకు రాని’ అనడం అతకలేదు. మూర్తి తెర చాటున ఉంటుంది, తెరకు రావడం రాకపోవడం అన్న మాట అక్కడ రాదు. సమస్యలో కీలకం ఆ రెండు మాటలే కాబట్టి వాటిని వదిలేస్తే పూరణ తేలిపోతుంది.

కళింగపట్నం దీపం:
అందరికీ నమస్తే. పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి టీచరమ్మా.

వలలు పట్టి పోయి బందీలుగా నున్న
మగల కొరకు నిలిచె మగువ లచట
వారి కన్నుల నీరె పాటగా మారిన
తెరకు రాని బొమ్మ తేజరిల్లె

‘తండేల్’ చూశాక రాశాను. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్ళిన మన జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. 2020 జనవరిలో గానీ ఇళ్ళకు రాలేదు. సినిమాలో సాయిపల్లవి చేసిన సత్య పాత్ర చాలా నచ్చింది. కానీ మా వైపు ఒడ్డున నిలబడి కబురు కోసం చూసిన ఆడవాళ్ళు ఒక్కరు కాదు. పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎండుచేపలు అమ్ముకుని ఇల్లు నడిపారు. వాళ్ళే తెరకు రాని బొమ్మలు. సెకండాఫ్‌లో జైలు గొడవ తగ్గించి ఆ ఒడ్డు మీద ఇంకో పావుగంట కెమెరా పెట్టి ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేది.

చంపావతి:
తమ్ముడూ, నీ పద్యంలో రెండు తప్పులున్నాయి, రెండూ సులువుగా సరిచేసుకోవచ్చు. మూడో పాదం విడదీసి చూడు: ‘వారి’, ‘కన్ను’, రెండూ గలాలే (గురువు, లఘువు). తర్వాత ‘లనీ’ వచ్చింది. లఘువు తర్వాత గురువు, అది ఇక్కడ రావాల్సిన సూర్యగణం (గలం గానీ మూడు లఘువులు గానీ) కాదు. ‘కన్నుల’ బదులు ‘కంటి’ అంటే ‘వారి, కంటి, నీరె’ అని మూడూ సరిపోతాయి. రెండో పాదంలో ‘మగువలు’ బహువచనం, ‘నిలిచె’ ఏకవచనం. ‘నిలిచి మగువ లేడ్వ’ అను.

వలలు పట్టి పోయి బందీలుగా నున్న
మగల కొరకు నిలిచి మగువ లేడ్వ
వారి కంటి నీరె పాటగా మారిన
తెరకు రాని బొమ్మ తేజరిల్లె

సినిమా గురించి నువ్వు రాసిన మాట ఇక్కడ ఎవరూ అనలేదు. ‘తండేల్’ 2025 ఫిబ్రవరి 7న వచ్చింది కాబట్టి 72లో కాదు, ఆ తర్వాతి విడతలో మాట్లాడుకోవాలి. పాటలకు గట్టి పోటీ ఇస్తుందని నా నమ్మకం.

ఏడురోడ్ల కూడలి:
టీచరుగారూ, అందరం చిన్న సినిమాలే అంటున్నాం. ‘కల్కి’ని వదిలేస్తే ఎలా? గద్దర్ పురస్కారాల్లో మొదటి ఉత్తమ చిత్రం అదే. కథ మొదటి సగంలో నత్తనడక, ఒప్పుకుంటాను. కానీ ఆ కాశీని, ఆ కాంప్లెక్స్‌ను ఊహించి కట్టినవాళ్ళు కూడా తెరకు రానివాళ్ళే కదా.

చంపావతి:
సరిగ్గా పట్టుకున్నారు. కళాదర్శకత్వం, గ్రాఫిక్స్ విభాగాల్లో ‘కల్కి’కి రాకపోతే నాకు ఆశ్చర్యమే. గ్రాఫిక్స్‌కైతే 71లో ‘హనుమాన్’ తక్కువ ఖర్చుతో తెచ్చుకున్న గౌరవం అది. ఉత్తమ తెలుగు చిత్రం మాత్రం ‘35’కే నా ఓటు. ‘కమిటీ కుర్రోళ్ళు’ చివరి వరకూ పోటీలో ఉంటుంది. కొత్త కుర్రాళ్ళందరూ కలిసి జాతరను అంత సహజంగా నిలబెట్టారు. కానీ రాజకీయం వచ్చాక మాటలు ఎక్కువయ్యాయి.

ఈ వారం ఉత్తమ పూరణ మూడు లాంతర్లు గారిది. మొదటిసారి రాసినా చెప్పాల్సిన సంగతి ఉన్నందుకు కళింగపట్నం దీపాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

కళింగపట్నం దీపం:
చాలా థ్యాంక్స్ టీచరమ్మా. సరిచేసిన పద్యం మా అమ్మకు చదివి వినిపించాను. ‘లేడ్వ’ అంటే ఏంటని అడిగింది. ‘మగువలు ఏడ్వ’ అని విడదీసి చెప్పాను. ‘ఏడుపొక్కటే రాశావేంటి, అర్జీలు పట్టుకుని కలెక్టరాఫీసుకు తిరగలేదా’ అంది. రెండో పాదం మళ్ళీ రాస్తున్నాను.