నాన్నగారి అంబాసిడర్‌కి ట్యాపెట్ గ్యాప్ ఎన్నాళ్లకోసారి చూడాలి?

ప్రశ్న, సైనిక్‌పురి నుంచి:

అందరికీ నమస్కారం. మాది 1984 మార్క్ 4 అంబాసిడర్, పెట్రోల్ బండి. నాన్నగారు కొన్నది. ఆయన పోయాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. పోయిన దసరాకి బయటికి తీసి, బ్రేకులు, కార్బురేటర్ బాగు చేయించి నడుపుతున్నాను. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. ఆదివారం పొద్దున్నే ట్యాంక్‌బండ్ దాకా, ఎప్పుడైనా యాదగిరిగుట్ట, అంతే.

స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైనుంచి సన్నగా టిక్ టిక్ మని వినిపిస్తోంది, వేడెక్కాక కొంచెం తగ్గుతోంది. ఒక మెకానిక్ "ట్యాపెట్లు టైట్ చేసేస్తే సౌండ్ పోతుంది మేడమ్" అన్నారు. ఇంకొకరు అసలు కదిలించొద్దన్నారు. నాన్నగారి డైరీ తిరగేస్తే ఏటా ఉగాది ముందు ఒక్క మాట కనిపిస్తోంది: "ట్యాపెట్ 15." పక్కన కిలోమీటర్లు. ఆ 15 అంటే ఏమిటి? ఇంత తక్కువ తిరిగే బండికి కూడా ఏటా చూడాలా? నేనే చేసుకోగలనా?

జవాబు, కొత్తపేట నుంచి:

సౌండ్ పెద్దగా లేకపోతే ముట్టుకోకండి మేడమ్. నా పద్మినీ కారుకి పదేళ్లుగా ట్యాపెట్ కవర్ విప్పలేదు, హాయిగా నడుస్తోంది.

జవాబు, మలక్‌పేట నుంచి:

అమ్మా, మీ నాన్నగారు పద్ధతి తెలిసిన మనిషి. ఆ 15 అంటే 15 థౌ, అంగుళంలో వెయ్యింట 15 వంతులు. మిల్లీమీటర్లలో 0.38. మీ బండిలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) డిజైన్ 1489 సీసీ ఇంజిన్. వాల్వు కాడకీ, దాన్ని కిందికి నొక్కే రాకర్ ఆర్మ్‌కీ మధ్య ఆ ఇంజిన్‌కి ఉండాల్సిన సందు అది.

కొత్తపేట అన్నగారు ఏమీ అనుకోవద్దు, కానీ సౌండ్ లేకపోతే వదిలేయమన్న మాట మీద నేను గట్టిగా అభ్యంతరం చెప్పాలి. ఆ మాట నమ్మే నేను ఒక హెడ్ (వాల్వులు ఉండే ఇంజిన్ పై భాగం) పాడు చేసుకున్నాను. గ్యాప్ ఎక్కువైతే ఇంజిన్ అరుస్తుంది, మనకి తెలుస్తుంది. గ్యాప్ తక్కువైతే నోరెత్తదు. లోపల కాలుతూనే బయటికి కుట్టు మిషన్‌లా మెత్తగా నడుస్తుంది.

ఎందుకు కాలుతుందంటే, ఎగ్జాస్ట్ వాల్వు, అంటే కాలిన పొగని బయటికి వదిలేది, తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది మూసుకుని సీటు (వాల్వు ఆనే అంచు) మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే. వేడికి వాల్వు కాడ సాగుతుంది. సాగడానికి చోటు ఉండాలనే ఆ 15 థౌ ఇస్తారు. చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, సన్నటి సందులోంచి మంట దూసుకుపోతుంది. నా బండిలో అదే జరిగింది. ఒక గ్యారేజీలో "మీకు సౌండ్ రాకుండా చేశాను సార్" అని ట్యాపెట్లన్నీ టైట్ చేసి, అంటే గ్యాప్ తగ్గించి, ఇచ్చారు. ఆరు నెలలు ఎంత సంతోషంగా తిరిగానో. తర్వాత ఐడిలింగ్‌లో బండి వణకడం మొదలైంది. సైలెన్సర్ మూతి దగ్గర కాగితం పట్టుకుంటే మామూలుగా బయటికే కొట్టుకోవాలి. నాది మధ్య మధ్య లోపలికి పీల్చుకునేది. హెడ్ విప్పితే రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలుక కొరికిన బిస్కెట్‌లా ఉంది. ఆ వాల్వు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కొత్తగా పాత బండి కొన్నవాళ్లు ఎవరొచ్చినా చేతిలో పెట్టి చూపిస్తాను.

ఇంకో సంగతి. పాత పెట్రోల్‌లో సీసం ఉండేది. అది వాల్వు సీటు మీద పలచటి పొరలా పట్టి అరుగుదలని ఆపేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మన పాత ఇనప హెడ్‌లో సీటు విడిగా ఉండదు, హెడ్‌లోనే కోసి ఉంటుంది. గట్టి ఉక్కు సీట్లు వేయించకపోతే ఎగ్జాస్ట్ వాల్వు కొంచెం కొంచెంగా సీటులోకి దిగిపోతుంది. అది దిగిన కొద్దీ కాడ పైకి వస్తుంది, గ్యాప్ మూసుకుపోతుంది. అంటే మన బండ్లలో ట్యాపెట్ తనంతట తానే టైట్ అవుతుంది. చెవిని నమ్ముకోకూడదని నేను మొత్తుకునేది ఇందుకే.

ఎన్నాళ్లకోసారి అంటే, పది వేల కిలోమీటర్లకి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అది. మీకైతే ఏడాదే ముందొస్తుంది కాబట్టి ఉగాది లెక్క సరిగ్గా సరిపోతుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎండాకాలంలో గంటల తరబడి 80 మీద లాగేవాళ్లు 5 వేలకే చూసుకోవడం మంచిది. హెడ్ విప్పి బిగిస్తే 800 కిలోమీటర్లు తిరిగాక హెడ్ నట్లు మళ్లీ టార్క్ చేయించి (సరైన లెక్కకి బిగించి), ఆ తర్వాతే గ్యాప్ చూడాలి. నట్లు బిగిస్తే గ్యాప్ మారిపోతుంది కాబట్టి ఆ వరస తప్పకూడదు.

మీరే చేసుకోగలరా అంటే, కచ్చితంగా. రాణిగంజ్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) అడగండి, అంగుళాలూ మిల్లీమీటర్లూ రెండూ రాసి ఉన్నది తీసుకోండి. ట్యాపెట్ కవర్‌కి కొత్త కార్కు ప్యాకింగ్ కూడా కొనండి, పాతది తీయగానే పొడి పొడిగా ఊడిపోవచ్చు. పని పొద్దున్నే, ఇంజిన్ రాత్రంతా చల్లారాక మొదలుపెట్టండి. మాన్యువల్‌లో వేడి మీద అని ఉంటే వేడి మీదే చేయాలి. ఏ పద్ధతిలో మొదలుపెడితే ఏటా అదే పద్ధతిలో చేయాలి, లేకపోతే పోయినేటి లెక్కతో పోల్చి చూడటం కుదరదు.

నాలుగు ప్లగ్గులూ తీసేయండి, ఇంజిన్ సులువుగా తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి ముందు నుంచి హ్యాండిల్‌తో తిప్పండి. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. ఇక్కడ తొమ్మిది లెక్క ఒకటుంది. ఏ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉందో చూసి, ఆ నంబర్ని 9 లోంచి తీసేయాలి. మిగిలిన నంబర్ వాల్వుని కొలవాలి. 8 దిగి ఉంటే 1ని చూడాలి, 6 దిగి ఉంటే 3ని, 4 దిగి ఉంటే 5ని, 7 దిగి ఉంటే 2ని. తర్వాత ఇవే తిరగేసి: 1 దిగితే 8, 3 దిగితే 6, 5 దిగితే 4, 2 దిగితే 7. హ్యాండిల్ రెండు చుట్లు తిరిగేసరికి ఎనిమిదీ అయిపోతాయి.

1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు. అందులో 4, 5 మీద ఎక్కువ కన్నేయండి. రెండో, మూడో సిలిండర్ల పొగ హెడ్ మధ్యలో ఒకే దారిలోంచి పోతుంది, వేడి అంతా అక్కడే.

ముందు ఏదీ కదిలించకుండా ఎనిమిదీ కొలిచి కాగితం మీద రాయండి. మెకానిక్కులు చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో అసలు పని ఇదే. తర్వాత లాక్ నట్టుని రింగ్ పానాతో వదులు చేసి, స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తిప్పి, 15 రేకు పెట్టి చూడండి. బరువైన పుస్తకం కింద ఉన్న కాగితాన్ని లాగితే ఎలా వస్తుందో అలా రావాలి. 14 రేకు సులువుగా దూరాలి, 16 దూరకూడదు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవండి. కవర్ నట్లు రెండూ చేతి బలమంతా పెట్టి బిగించకండి, కార్కు నలిగి ఆయిల్ కారుతుంది.

జవాబు, మారేడ్‌పల్లి నుంచి:

నాది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, గాలితో చల్లబడే ఇంజిన్. దానికి 6 థౌ, అంటే 0.15 మిల్లీమీటర్లు, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే. ఐదు వేలకోసారి చూస్తాను. పాత బీటిల్స్‌లో ఆయిల్ కూలర్ మూడో సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డంగా ఉంటుంది, ముందు కాలేది ఆ ఎగ్జాస్ట్ వాల్వే. కాబట్టి మేడమ్, ఎవరి ఇంజిన్ అంకె వాళ్లదే. ఒక బండి అంకె ఇంకో బండికి పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:

సార్, నిన్న చేశాను! మా తమ్ముడు హ్యాండిల్ తిప్పాడు, నేను కొలిచాను. కవర్ విప్పడానికి పావుగంట, కొలవడానికి రెండు గంటలు పట్టింది. కదిలించకముందు లెక్క ఇది: 1కి 14, 2కి 16, 3కి 15, 4కి 12, 5కి 10, 6కి 15, 7కి 15, 8కి 14. అన్నీ 15కి తెచ్చాను. ఐడిలింగ్ బాగా కుదురుకుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణకడం పోయింది. కానీ టిక్ టిక్ మాత్రం అలాగే ఉంది. నేనేమైనా తప్పు చేశానా?

జవాబు, మలక్‌పేట నుంచి:

తప్పేమీ చేయలేదమ్మా, చాలా బాగా చేశారు. ఇప్పుడు ఆ లెక్క చూడండి. శబ్దం వస్తోందని ఆ మెకానిక్ టైట్ చేస్తానన్నారు. మీ 5వ నంబర్ అప్పటికే 10కి వచ్చేసింది. ఇంకా టైట్ చేసి ఉంటే ఈ ఎండాకాలం దాటేది కాదు.

మిగిలిన టిక్ టిక్ ఎక్కడిదో పట్టుకోవడానికి, కవర్ తీసి ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి, ఒక్కో గ్యాప్‌లోకి ఫీలర్ రేకు మెల్లగా దూర్చండి. ఎక్కడ దూర్చితే శబ్దం ఆగుతుందో అదే దొంగ. ఆయిల్ కాస్త చిమ్ముతుంది. చున్నీ, జడ ఫ్యాన్‌కి దూరంగా ఉండేలా ముడి వేసుకోండి, ఈ మాట మాత్రం మరిచిపోకండి.

నా అనుమానం రాకర్ అరిగిందని. వాల్వు కాడ మీద ఆనే చోట రాకర్‌కి చిన్న గుంట పడుతుంది. ఫీలర్ రేకు తిన్నగా ఉంటుంది కాబట్టి గుంటలోకి దిగదు, అంచుల మీదే ఆనుతుంది. రేకు 15 అంటుంది, అసలు సందు 18, 20 కూడా ఉండొచ్చు. రాకర్ తీసి వేలి గోరు పెట్టి అడ్డంగా గీస్తే గుంట తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

6వ నంబర్ సార్! రేకు దూర్చగానే శబ్దం ఆగిపోయింది. గోటికి గుంట కూడా తగిలింది.

జవాబు, మలక్‌పేట నుంచి:

అది గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వు, భయం లేదు. రాకర్ ముఖాన్ని గ్రైండింగ్ చేయించొచ్చు, లేదా మంచి రాకర్ దొరికితే మార్చేయండి. రాకర్ బుష్‌లూ షాఫ్టూ కూడా అప్పుడే చూపించండి. అది అయ్యేదాకా ఆ టిక్ టిక్‌తో తిరగొచ్చు. శబ్దం ఆపడానికని 6ని టైట్ చేయొద్దు.

5వ నంబర్‌ని మాత్రం ఉగాది దాకా ఆపకండి. వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ కొలవండి. 15లో ఉంటే పాత అరుగుదలే, నిశ్చింతగా ఉండండి. 13కి దిగితే సీటు దిగిపోతున్నట్టు లెక్క. అప్పుడు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించండి. మూడో సిలిండర్ తక్కువ చూపిస్తే, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూడాలి. ఒత్తిడి పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వుది. వాల్వే అయితే హెడ్ దింపి ఎగ్జాస్ట్‌కి నాలుగు గట్టి సీట్లూ ఒకేసారి వేయించేయండి.

నాన్నగారి డైరీలో వరసగా ఎన్నేళ్ల లెక్క ఉంది? ఎనిమిదీ విడివిడిగా రాశారా, లేక 15 అని ఒక్క మాటేనా?

ప్రశ్న అడిగినవారు:

ఒక్క మాటే సార్, పదకొండేళ్లు. ఆఖరి రెండేళ్లు మాత్రం పక్కన చిన్నగా "5 టైట్" అని రాసుంది. ఇన్నాళ్లూ అది ఐదు గంటలకి చేసుకున్న ఏదో అపాయింట్‌మెంట్ అనుకున్నాను.

జవాబు, మలక్‌పేట నుంచి:

అయితే వెయ్యి కూడా వద్దమ్మా, 500కే కొలవండి. కొలిచాక అంకె ఇక్కడ పెట్టండి, హెడ్ పని ఎవరి దగ్గర చేయించాలో అప్పుడు మాట్లాడుకుందాం.