అప్‌డేట్: ప్రీస్కూల్ అంకెల సంగతి తేలింది

మా పాపను చేర్చాలనుకున్న చిన్న ప్రభుత్వ ప్రీస్కూల్లో నమోదు పట్టిక ప్రకారం ఒక వర్గం పిల్లలు ఏడాదిలోనే 10 శాతం నుంచి 5 శాతానికి తగ్గారని, ఆ పట్టికలో కొన్ని గడుల్లో అంకె బదులు నక్షత్రం గుర్తు ఉందని, ఇదంతా ఎందుకని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. అనవసరంగా టెన్షన్ పడ్డాను. వెళ్లి కనుక్కుంటే, అసలు మొత్తం పిల్లలే 40 మంది! ఒక్కరు మారితే 2.5 శాతం కదిలినట్టే. నలుగురిలో ఇద్దరు పై తరగతికి వెళ్లారు, అంతే. (ఈ లెక్క నాకే తట్టాల్సింది.) నక్షత్రం ఎందుకంటే, మరీ కొద్దిమంది ఉన్నచోట ఆ పిల్లలెవరో బయటపడకుండా అంకె దాచేస్తారట. పైగా ఆ పట్టికలో ఉన్నది ఒక్క రోజు తీసిన లెక్క, తర్వాత చేరినవాళ్లు అందులో లేరు. ఇక శాతాలు వదిలేసి, ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలని అడిగాను. జవాబు నచ్చింది. దరఖాస్తు ఇచ్చేశాం.