బేస్‌బాల్ సందేహం: బెర్రా అవుటయ్యాక మ్యాంటిల్‌ కూడా అవుటై ఉంటే ఆ పరుగు చెల్లేదా?

1960 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్) ఏడో మ్యాచ్, అదే పిట్స్‌బర్గ్ 10–9తో న్యూయార్క్ యాంకీస్‌ని ఓడించింది, అందులో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి దగ్గర ఇరుక్కుపోయాను. యాంకీస్ 8–9తో వెనకబడ్డారు, ఒకరు అవుట్, మూడో బేస్‌లో మెక్‌డూగల్డ్, మొదటి బేస్‌లో మ్యాంటిల్. బెర్రా నేలబారుగా కొట్టిన బంతిని పిట్స్‌బర్గ్ ఫస్ట్ బేస్‌మన్ నెల్సన్ పట్టి ముందు మొదటి బేస్ తొక్కేశాడు, బెర్రా అవుట్. మ్యాంటిల్ వెనక్కి తిరిగి నెల్సన్ చేతికి చిక్కకుండా బేస్ మీదికి దూకాడు, ఈలోగా పరుగు వచ్చేసి స్కోరు సమం! వీడియో స్లో చేసి పదిసార్లు చూశా, రూల్స్ కూడా చదివా, నా క్రికెట్ బుర్రకి ఎక్కలేదు. ముందు రెండో బేస్‌కి విసిరి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని అవుట్) చేసుంటే మ్యాచ్ అక్కడే అయిపోయేదని మాత్రం అర్థమైంది. మెక్‌డూగల్డ్ హోమ్ (పరుగు పూర్తయ్యే బేస్) తొక్కిన తర్వాత నెల్సన్ బంతితో మ్యాంటిల్‌ని తాకి ఉంటే, ఆ పరుగు లెక్కలోకి వచ్చేదా, రాదా?