"నల్లకలువ": పొగడ్తేనా?

ప్రశ్న: టెన్నిస్‌లో వీనస్, సెరెనా విలియమ్స్ గెలిచినప్పుడల్లా మన పత్రికలు "నల్లకలువ" అని శీర్షిక పెట్టేవి. కావ్యాల్లో నల్లగలువ అంటే ఇందీవరం, అందమైన కళ్ళకు ఉపమానం. పొగడ్తే కదా అంటాను నేను, కాదంటాడు మా తమ్ముడు. పెద్దలు చెప్పండి.

జవాబు: విడిగా చూస్తే ముచ్చటైన మాటేనండి. నల్లనయ్యను కొలిచే మనకి నలుపు తిట్టెలా అవుతుంది? కానీ అదే పేజీలో పక్క శీర్షికలు చూడండి. షరపోవా "రష్యా భామ", హింగిస్ "స్విస్ మిస్". వాళ్ళకు దేశం, వీళ్ళకు రంగు. "తెల్లకలువ" అని ఎవరికైనా రాశారా? బోల్ట్‌కు దేశం దక్కింది గానీ, "జమైకా చిరుత" అయ్యాడు. వార్త లోపల "పుట్టుకతో వచ్చిన బలం" ఉంటుంది. ఫెదరర్ దగ్గరకొచ్చేసరికి అదే కలం "కళ" అంటుంది.

నా పేచీ ఈ "పుట్టుకతో" దగ్గరే. 1930ల్లో అమెరికాలో నల్లజాతి పరుగువీరులు వరసగా గెలుస్తుంటే, వాళ్ళ మడమ ఎముకా పిక్కా వేరు, అందుకే గెలుస్తున్నారు అన్నారు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే నల్లజాతి ఆచార్యుడు మాంటేగ్ కాబ్, ఆ పరుగువీరుల్లో ఒకడైన జెస్సీ ఓవెన్స్ కాళ్ళను కొలిచి చూశాడు. నల్లవాళ్ళ ప్రత్యేకత అంటున్న పిక్క ఓవెన్స్‌కే లేదని 1936లో ప్రచురించాడు. అయినా ఆ మాట చావలేదు.

టెన్నిస్ సంగతే చూడండి. తెల్లవాళ్ళ సంఘం రానివ్వకపోతే అమెరికా నల్లవాళ్ళు 1916లో తమకంటూ అమెరికన్ టెన్నిస్ అసోసియేషన్ పెట్టుకున్నారు. లించ్‌బర్గ్‌లో డాక్టర్ వాల్టర్ జాన్సన్ తన ఇంటి కోర్టులో నల్లజాతి క్రీడాకారిణి ఆల్థియా గిబ్సన్‌కూ, తర్వాత నల్లజాతి ఆటగాడు ఆర్థర్ యాష్‌కూ తర్ఫీదు ఇచ్చాడు. గిబ్సన్ 1957లో వింబుల్డన్ గెలిచింది. విలియమ్స్ అక్కచెల్లెళ్ళకు తండ్రే గురువు, లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌లో అందరూ ఆడుకునే కోర్టులే బడి. ఇందులో పుట్టుకతో వచ్చిందేది?

మరొకరు: ప్రతిదాంట్లో తప్పులు వెతికితే ఎట్లా మాస్టారూ? ఆటవల్లే కదా వాళ్ళకు పేరూ డబ్బూ వచ్చింది!

జవాబు: వచ్చింది, కాదనను. మిగతా దారులు మూసి ఉన్న రోజుల్లో ఆటస్థలం ఎంతోమందికి గౌరవం తెచ్చిపెట్టింది. కానీ ఆ మాట వాళ్ళ పెద్దలకే గుబులు పుట్టించింది. 1975లో వింబుల్డన్ గెలిచిన యాష్, రెండేళ్ళకే న్యూయార్క్ టైమ్స్‌లో నల్లజాతి తల్లిదండ్రులకు బహిరంగ లేఖ రాశాడు: పిల్లల్ని గ్రంథాలయాలకు పంపండి అని. ఆటలో బతుకు దొరికేది ఏ కొద్దిమందికో అని ఆయన బెంగ. "వీళ్ళు ఆటకే పుట్టారు" అన్న మెచ్చుకోలు పిల్లవాడి కన్నా ముందు వాడి పంతులు చెవిన పడుతుంది, ఇక వీడికి చదువెందుకు అనిపిస్తుంది, అదీ చిక్కు.

ఇంకొకరు: నేను పత్రిక డెస్కులో పనిచేశాను. శీర్షికకు చోటు చూసుకోవాలి గదండీ. "నల్లకలువ" చక్కగా ఇమిడేది.

జవాబు: "సెరెనా" ఇంకా తక్కువే కదండీ, మూడక్షరాలు.