ప్రతిజ్ఞ రాసినాయన గురించి ఆకాశవాణి రికార్డింగ్ ఎవరి దగ్గరైనా ఉందా?

నమస్కారమండీ. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జనవరి 26కి ఇక్కడి తెలుగు పిల్లలతో చిన్న కార్యక్రమం చేస్తున్నాం. ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను 1962లో విశాఖలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాశారని చెబితే, ఒడియా మాస్టార్లే కాదు, మనవాళ్లూ నమ్మడం లేదు! రోజూ బడిలో అందరూ చెప్పేదే, రాసినాయన పేరు మాత్రం ఎవరికీ పట్టదు.

ఆయన గురించి విశాఖ ఆకాశవాణి గానీ, దూరదర్శన్ గానీ చేసిన కార్యక్రమం ఏదైనా మీ దగ్గర ఉందా? ఆడియో అయితే మరీ మంచిది, హాల్లో మైకు పెట్టి వినిపిస్తాం. పాత రికార్డింగు కావాలంటే రేడియో కేంద్రంలో ఎవరికి ఉత్తరం రాయాలి? డబ్బులేమైనా కట్టాలా? యూట్యూబ్‌లో దొరికింది అలా నలుగురిలో వినిపిస్తే ఇబ్బంది ఉంటుందా?